ఎత్తుపెట్టెకు పెట్టిన సారె

పేజీ 211. జ్యేష్ఠ బహుళ ఏకాదశి. తొలి వాన.

ఈ మరమ్మతుల పుస్తకంలో పేజీల నంబర్లు అచ్చులోనే ఉంటాయి. ఒక్క పేజీ చింపినా, చేసిన పనికి పూచీగా వేసే ముద్రను మనిషి దగ్గర్నుంచి లాగేసుకుంటారు. అందుకే గుబ్బల తాతాజీ అనే నేను ఇరవై ఆరేళ్లుగా చేసిన తెలివితక్కువ పనులన్నీ ఇక్కడా, దీని ముందు పుస్తకాల్లోనూ వరసగా, క్షేమంగా ఉన్నాయి. ఇవాళ కొత్తగా చేర్చవలసినవేమీ లేవు.

(పై వాక్యం నెలన్నర తర్వాత చదివి తల బాదుకున్నాను. చింపే వీలు లేదు కాబట్టి అలాగే ఉంచాను.)

ఈరోజు కొంగకు నెలవారీ తనిఖీ. కొంగ అంటే మా స్టేషన్ విమానం. తెల్లగా ఉంటుంది, నీళ్ల మీద వాలుతుంది, ఎప్పుడు చూసినా ఒక కాలు మరమ్మతులో ఉంటుంది. పాపికొండల మీద నుంచి పదకొండు లంకలకు డాక్టరమ్మనూ మందులనూ మోసేది ఇదొక్కటే. సూర్యుడు తుమ్మి (చదువుకున్నవాళ్లు సౌర తుఫాను అంటారు) ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆ తుమ్ముకు మాడిపోయిన చిప్పులను మళ్లీ తయారు చేసేవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. మిగిలిన పెట్టెలనే మా మూడు స్టేషన్ల వాళ్లం ఒకరి విమానంలోంచి ఊడదీసి ఇంకొకరి విమానంలో బిగించుకుంటూ కాలక్షేపం చేస్తున్నాం.

పని: ఎత్తుపెట్టె మార్పిడి. విమానం ఎంత ఎత్తున ఉందో లెక్కగట్టి పైలట్ ముందున్న ముల్లుకు చెప్పేది ఈ పెట్టే. పాతదానికి గంటలు నిండాయి. పెట్టెకు కరెంటు ఇచ్చే బ్రేకరు లాగి, పొరపాటున ఎవరూ నొక్కకుండా దానికి ఎర్ర ట్యాగు కట్టాం. మణికట్టుకు ఎర్త్ పట్టీ వేసుకున్నాం. మన ఒంట్లో ఉండే కాస్త కరెంటుకే ఈ పెట్టెలు చచ్చిపోతాయి. ముందువైపు రెండు నట్లు వదులు చేసి, పెట్టెను ట్రే మీద నుంచి నెమ్మదిగా లాగాం. ట్రే వెనక గోడలో కనెక్టరు ఉంటుంది. పెట్టె వచ్చేశాక అద్దమూ టార్చీ పెట్టి ఆ కనెక్టరు పిన్నులను చూడాలి. అది నా వంతు. అంత లోపలికి తల దూరిస్తే నా మెడ పట్టేస్తుంది కనుక, తనిఖీ కాగితం మీద చూసినట్టు టిక్కు పెట్టాను.

కొత్త పెట్టె మహేంద్రగిరి నుంచి సారెతో వచ్చింది. ఈ ఆచారం పుట్టించింది నేనే. తొమ్మిదేళ్ల కిందట మా పెట్టెను వాళ్లకు పంపుతూ, "ఆడపిల్లను ఒట్టి చేతులతో అత్తారింటికి పంపుతామా" అని సరదాకి పెట్టెతో పాటు ఒక రవికల గుడ్డా, డబ్బాడు సున్నుండలూ పెట్టాను. వాళ్లు బదులుగా అరిసెలు పెట్టారు. ఆ తర్వాత శ్రీశైలం వాళ్లు చేరారు. ఇప్పుడు సారె లేకుండా పెట్టె వస్తే అందులో ఏదో లోపం ఉందని అనుమానించే స్థితికి వచ్చాం. ఈసారి ఖజ్జికాయలు. కొబ్బరి, బెల్లం, యాలకులు. విమానంలో పెట్టె ఉండే గూటి దగ్గర నా స్టూలు మీద కూర్చుని ఆరు తిన్నాను. గూటి పైన "ఇక్కడ ఏమీ తినరాదు" అని బోర్డు ఉంది. ఆ దస్తూరీ నాదే.

ముద్ర నాంచారమ్మది. నాంచారు నా దగ్గర ఏడేళ్లు పని నేర్చుకుని, రెండేళ్ల కిందట సొంత ముద్ర తెచ్చుకున్న పిల్ల. చింతలలంక నుంచి వచ్చింది. ఆ ఇత్తడి ముద్రను తాడుకు కట్టి మెళ్లో వేసుకుంటుంది. మా రూలు ప్రకారం ఏ పనికి ఎవరి ముద్ర పడితే వాళ్లు మొదటి ప్రయాణంలో పైలట్ పక్కన కూర్చోవాలి. చాలా మంచి రూలు. నేను విమానం ఎక్కి పద్దెనిమిదేళ్లయింది. ఎత్తులంటే నాకు భయం. ఆ సంగతి నా బల్ల సొరుగులో ఉండే ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు; టిక్కులూ ముద్రలూ పడేది వేరే తనిఖీ కాగితాల మీద. "కుర్రదానివి, నీకు అనుభవం రావాలి" అంటూ పని నేను చేసి ముద్ర ఆమె చేత వేయిస్తుంటాను. ఆమెకు ముందు ఆ ముద్రా, ఆ పక్క సీటూ మా పాత పెద్ద మేస్త్రీవి, ఆయన రిటైరయ్యాడు.

పేజీ 213. ఆషాఢ శుద్ధ పంచమి.

నేల మీద పది నిమిషాల పరీక్షలో పెట్టె బుద్ధిగా ఉంది. గాల్లో అరగంట దాటాక ముల్లు వణకడం మొదలుపెట్టిందట. నూట యాభై అడుగులు అటూ ఇటూ. కెప్టెన్ సలోమి దిగీ దిగగానే హెల్మెట్ నా బల్ల మీద పెట్టింది. ఆమె మా పైలట్. మాటలు పొదుపుగా వాడుతుంది.

"తాతాజీ గారూ, అది ఎత్తు చెప్పట్లేదు. ఊహిస్తంది."

పెట్టె చెడ్డదని తేల్చి మహేంద్రగిరికి తిప్పి పంపాను. అది చేరిన రోజు సాయంత్రానికల్లా అక్కడి టెక్నీషియన్ గౌరునాయుడు రేడియోలోకి వచ్చాడు.

"ఏటండీ తాతాజీగారూ, ఆషాఢమని మా పిల్లని పుట్టింటికి తోలీసినారేటి?"

"ఆషాఢం కాదయ్యా, పిల్లకి వణుకు రోగం."

"వణుకేటండీ! బల్ల మీద పెట్టి నాలుగ్గంటలు సూసినాను. ముల్లు రాయిలాగుంది. మా పిల్లకేటీ లోపం లేదు."

వాడి పెట్టె మీద వాడికి మమకారం ఎక్కువని నవ్వుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నాకూ తెలుసు, కానీ అది ఎప్పుడూ పక్కవాళ్ల గురించే అనుకుంటాను.

పేజీ 216. ఆషాఢ పౌర్ణమి. ఎడతెగని వాన.

శ్రీశైలం వాళ్ల పెట్టె బిగించాను. సారెగా నువ్వుండలు. బిగించేటప్పుడు నాలుగు, బిగించాక మూడు. నట్లు సరైన బిగువుకు తిప్పి, ఊడకుండా సేఫ్టీ వైరు మెలేశాను. నా మెలిక చూసి మురిసిపోయాను. ముద్ర నాంచారుది.

మళ్లీ అదే. ఇరవై అయిదు నిమిషాలకే వణుకు, ఈసారి రెండు వందల అడుగులు. ఇలాంటప్పుడు సరిచూసుకోవడానికి రెండో ఎత్తు గడియారం ఉండేది, దాన్ని శ్రీశైలం విమానానికి ఇచ్చి నాలుగేళ్లయింది.

నాంచారు గూటి ముందుకు వచ్చింది.

"మాస్టారూ, కోడళ్లను మార్చేత్తన్నాం గానండీ, అత్తిల్లు ఓసారి చూద్దామా? ట్రే వెనకాల కనెక్టరు?"

"చూశాను కదటే. టిక్కు కనబడట్లేదా?"

ఆమె తనిఖీ కాగితం తీసి నా టిక్కు చూసింది. "ఆయ్, మీరు చూశారుగా. అయితే అది కాదులెండి," అంది. నా టిక్కు మీద ఆ పిల్లకు అంత నమ్మకం. అప్పుడు నాకు కాస్త గుచ్చుకున్న మాట నిజం. అద్దం తీసుకుని చూడవలసిన సమయమూ అదే. అయితే చూస్తే ఇదివరకు చూడలేదని బయటపడుతుంది కదా! చూడలేదు.

పేజీ 219. ఆషాఢ బహుళ సప్తమి.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గౌరునాయుడు పౌరుషానికి పోయి, తన సొంత విమానంలో ఉన్న పెట్టెనే ఊడదీసి పంపాడు. "ఇది మా పెద్దపిల్ల. దీనికీ వంక పెడితే సంబందాలు తెంపీసుకుందారి," అన్నాడు. తోడుగా రెండు డబ్బాల ఖజ్జికాయలు వచ్చాయి. నేను బిగించాను, నాంచారు ముద్ర వేసింది, పొద్దున తొమ్మిదింటికి సలోమితో కలిసి పరీక్షకు ఎగిరింది.

ముప్పై అయిదో నిమిషంలో మబ్బులోంచి కిందికి దిగుతున్నారు. ముల్లు ఎనిమిది వందల అడుగులని చెబుతోంది. మబ్బు విడేసరికి కిటికీ పక్కన వలపడవ తెరచాప కనబడిందట. తెరచాప మీద వేసిన మాసిక కూడా కనబడిందని నాంచారు చెప్పింది. సలోమి విమానాన్ని పైకి లాగింది కాబట్టి ఇద్దరూ తిరిగి వచ్చారు.

నాంచారు దిగి హ్యాంగరు గోడకు ఆనుకుని కూర్చుంది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయింది. ఆమెను ఆ సీట్లోకి పంపింది నా భయం. అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గేస్తోంది, కానీ పేజీలకు నంబర్లున్నాయి. "బిగించేటప్పుడు పిన్ను వంచావేమో, నీ పనితనం చూసుకో," అన్నాను. బిగించింది నేను.

పేజీ 220. ఆషాఢ బహుళ దశమి.

తనిఖీ మండలి నుంచి తంతి. ఒకే ముద్ర కింద ఒకే లోపం మూడుసార్లు తిరగబెట్టింది కాబట్టి రూలు ప్రకారం నాంచారమ్మ ముద్ర రద్దు. శ్రావణ శుద్ధ విదియ నాడు అప్పజెప్పాలి. ఒకసారి పోయిన ముద్ర జన్మలో తిరిగి రాదు. కొంగ అంతవరకూ ఎగరరాదు. ఆ తర్వాత కూడా లోపం తేలకపోతే దాన్ని విప్పేసి, పెట్టెలన్నీ మిగతా రెండు స్టేషన్లకూ పంచుతారు.

నాంచారు తంతి చదివి మడత పెట్టింది. "మా లంకలో చేపలు ఎండబెట్టడానికి పనితనం అక్కర్లేదులెండి," అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

మా ఆవిడకు చెబితే, "నీ ముద్ర ఏదీ, ఎక్కడుంది?" అని అడిగింది. వెతికితే బియ్యం డబ్బా వెనక దొరికింది, ఆకుపచ్చగా చిలుము పట్టి.

పేజీ 222. ఆషాఢ అమావాస్య. మధ్యాహ్నం.

ఒక మహా సత్యం కనుగొన్నాను. ఇంతకు మునుపు ఎవరూ ఇంత సిగ్గుపడుతూ ఏదీ కనుక్కుని ఉండరు.

హ్యాంగర్లో ఎవరూ లేరు. దిగులుగా ఉంటే నాకు ఆకలి ఎక్కువ. గూటి ముందు స్టూలు మీద కూర్చుని ఖజ్జికాయ కొరికాను. పొడి రాలింది. గౌరునాయుడి పెద్దపిల్లను అప్పటికే ఊడదీసి పక్కన పెట్టాం కాబట్టి ట్రే ఖాళీగా ఉంది. ఒక కొబ్బరి పలుకు ట్రే మధ్యలో పడింది. తీద్దామని వేలు చాపేలోగా కనెక్టరు పక్క సందులోంచి ఒక చలిచీమ వచ్చింది. అటూ ఇటూ వెతకలేదు. రోజూ భోజనం పెట్టే చోటికి వచ్చినట్టు తిన్నగా వచ్చింది, పలుకు ఎత్తుకుంది, వెనక్కి వెళ్లిపోయింది.

నేను కొరికిన ముక్క నోట్లోనే ఉంచుకుని ఇంకో పలుకు వేశాను. ఇంకో చీమ వచ్చింది.

అప్పుడు, నెల మీద నాలుగు రోజులు ఆలస్యంగా, అద్దమూ టార్చీ తీసుకుని తల లోపలికి దూర్చాను. మెడ పట్టేసింది. కనెక్టరు వెనక, వైర్ల కట్ట మధ్యలో, నా పిడికిలంత చీమల కాపురం. తెల్లటి గుడ్లు. పిన్నుల మధ్య నలిగి చచ్చినవి ఒక పొరగా అంటుకుపోయి ఉన్నాయి. వానలకు చెమ్మ తప్పించుకోవడానికి వచ్చాయి, నా వల్ల భోజనం కూడా కుదిరింది. నేల మీద పది నిమిషాలకు పెట్టె వేడెక్కదు. గాల్లో అరగంటకు వేడెక్కుతుంది. అప్పుడు గుడ్లను వెచ్చదనానికి మోసుకుంటూ పిన్నుల మీదికి బయల్దేరతాయి. అక్కడ కరెంటు దారి తప్పి, ముల్లు అబద్ధం చెబుతుంది. నేను పెట్టె మార్చిన ప్రతిసారీ కొత్త సారె వచ్చింది, నేను ప్రతిసారీ అక్కడే కూర్చుని తిన్నాను, వాటి సంసారం ప్రతిసారీ పెరిగింది. లోపాన్ని ఇంత శ్రద్ధగా మేపిన టెక్నీషియన్ మూడు స్టేషన్లలోనూ ఇంకొకడు లేడు. చీమకైనా హాని చెయ్యని మనిషినని మా ఆవిడ నన్ను మెచ్చుకుంటూ ఉంటుంది.

అదే రోజు. ఒక గంట తర్వాత.

ఒక ఆలోచన వచ్చింది, అదీ రాస్తాను. బ్రష్షూ స్పిరిటూ తీసుకుంటే పావుగంటలో అంతా శుభ్రం. "కనెక్టరు తుడవడమైనది" అని రెండు మాటలు రాస్తే సరి. కొంగ ఎగురుతుంది, నా పరువు మిగులుతుంది. నాంచారు మాత్రం చేపలు ఎండబెట్టుకుంటుంది. మూడు లోపాలు ఆమె ముద్ర కిందే ఉంటాయి.

బ్రష్షు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను మంచివాణ్ణని తేలలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లా, ఆమె పట్టుకోలేకపోయిన గ్లాసూ కళ్ల ముందు నుంచి కదలలేదు, అంతే.

ఏదీ తుడవకుండా నాంచారును పిలిచాను. అద్దం ఆమె చేతికిచ్చాను. చూసింది. తల బయటికి తీసి, నా చేతిలో సగం కొరికిన ఖజ్జికాయ వైపు చూసింది. తర్వాత బోర్డు వైపు చూసింది.

"మాస్టారూ, మీరు చూశానన్నారు కదండీ?"

"చూళ్లేదు."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"నన్ను పైకి పంపారండీ!" అంది. "తెరచాప చూశానండి నేను. మా అమ్మకి ఏం కబురెడతారా అనుకున్నానండి ఆ చిటికెలో."

"నాకు ఎత్తంటే భయం నాంచారూ," అన్నాను. పద్దెనిమిదేళ్లుగా దాచిన మాట. నోటి వెంట వచ్చాక పట్టుమని అయిదు మాటలు కూడా లేదు. ఆమె ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం.

ఈ కింది భాగం మండలికి అక్షరం మార్చకుండా తంతి కొట్టాను.

లోపం: ఎత్తు ముల్లు అబద్ధం. కారణం: ట్రే కనెక్టరులో చీమలు. చీమలకు కారణం: ఖజ్జికాయలు, నువ్వుండలు. తిన్నది: గుబ్బల తాతాజీ. మూడుసార్లూ పెట్టె బిగించింది: గుబ్బల తాతాజీ. చూడకుండా టిక్కు పెట్టింది: గుబ్బల తాతాజీ. ముద్ర మాత్రం నాంచారమ్మది, అదీ నేను అడిగితే వేసింది.

పేజీ 224. శ్రావణ శుద్ధ పాడ్యమి.

మండలి జవాబు. నాంచారమ్మ ముద్ర ఉంటుంది. నాది రద్దు. అయితే మూడు లోపాలనూ మూసే ఆఖరి పని నా ముద్ర కిందే జరగాలట. మండలిలో ఎవరికో హాస్యప్రియత్వం ఉంది. ముద్ర నాదైతే మొదటి ప్రయాణంలో పక్క సీటూ నాదే.

రోజంతా పని చేశాం. నాంచారు గుడ్లతో సహా ఆ సంసారాన్ని మెత్తటి బ్రష్షుతో డబ్బాలోకి దులిపి, బయట గడ్డిలో వదిలింది. పిన్నులు ఒక్కొక్కటే స్పిరిటుతో తుడిచింది. నేను టార్చి పట్టుకున్నాను. గౌరునాయుడి పెద్దపిల్లను మళ్లీ ట్రే మీదికి తోశాను. కనెక్టరు కూర్చున్న చప్పుడు విన్నాను. నట్లు బిగించాను. నా ముద్రను చింతపండుతో తోమి, పద్దెనిమిదేళ్ల తర్వాత కాగితం మీద నొక్కాను. అంకె సగమే పడింది, రెండోసారి నొక్కాల్సి వచ్చింది.

పేజీ 225. శ్రావణ శుద్ధ విదియ.

ఎగిరాను. అంటే సలోమి ఎగిరింది, నేను ఆమె పక్కన కళ్లు మూసుకుని ఉన్నాను.

మా పరీక్ష ఇలా ఉంటుంది. అరగంట తిరిగి పెట్టెను వేడెక్కనివ్వాలి. తర్వాత జెండా కొండ పక్కగా, శిఖరం మీది జెండాకు సమానంగా ఎగరాలి. జెండా ఎత్తు పాత సర్వే ప్రకారం పద్దెనిమిది వందల ఇరవై అడుగులు. జెండా మన రెక్కకు సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణాన పక్క సీటు మనిషి కిటికీలోంచి చూసి "ఇప్పుడు" అనాలి. పైలట్ ముల్లు చదువుతుంది. అంటే పక్క సీటు మనిషి కళ్లు తెరవాలి.

"తాతాజీ గారూ, కొండ వస్తంది."

"తెలుసు."

"కళ్లు మూసుకుంటే జెండా ఎలా కనపడతది?"

పొద్దున తిన్న ఇడ్లీ అప్పటికే సంచిలో ఉంది కనుక ఇక పోయేదేమీ లేదని కళ్లు తెరిచాను. కింద నీళ్లు, నీళ్లలో లంకలు పచ్చగా, మధ్యలో ఎక్కడో చింతలలంక. ఈ కిటికీలోంచే ఆ పిల్ల తెరచాపను చూసింది. భయం పోలేదు. పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జెండా దగ్గరికి జరిగి, జరిగి, రెక్క అంచుకు సరిగ్గా ఎదురుగా వచ్చింది.

"ఇప్పుడు!"

"పద్దెనిమిది ఇరవై," అంది సలోమి.

మళ్లీ తిరిగి వచ్చాం. పద్దెనిమిది ఇరవై. మూడోసారి కూడా అంతే. ఆమె నా సంచి ముడి తనే గట్టిగా వేసింది.

దిగాక రూలు ప్రకారం నా ముద్రను నేనే ఆకురాయితో అరగదీశాను. ఇత్తడి త్వరగా అరగదు. అంకె పూర్తిగా పోయేవరకు నాంచారు ఎదురుగా నిలబడింది. సాయం చేస్తానని అనలేదు, వెళ్లిపోనూ లేదు.

గౌరునాయుడికి రేడియోలో సంగతంతా చెప్పి, మీ పిల్లల్లో ఏ లోపమూ లేదు, లోపం అత్తింటిదే, క్షమించమన్నాను.

"అయితే ఖజ్జికాయలు బావున్నాయన్నమాట," అన్నాడు.

పేజీ 229. శ్రావణ శుద్ధ ఏకాదశి.

నన్ను స్టేషన్ నుంచి పంపెయ్యలేదు. నాంచారు కింద సహాయకుడిగా ఉండమన్నారు. ట్యాగులు కట్టడం, మూతలు పెట్టడం, టార్చి పట్టడం నా పనులు. ఈ పుస్తకం ఆమెది కావలసింది. "మీ దస్తూరీ బాగుంటాదండి, రాయండి. కింద నేను చూసి ముద్రేత్తాను," అంది. చూసి అన్న మాట కాస్త ఒత్తి పలికింది.

ఈరోజు రేడియో పెట్టె మార్పిడి. కొత్తది శ్రీశైలం నుంచి సారెతోనే వచ్చింది. ఆచారాన్ని ఆమె ఆపలేదు. తీపి డబ్బాను మాత్రం హ్యాంగరు బయట, నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో పెట్టించింది. అక్కడికి నలభై అడుగులు, నేనే కొలిచాను.

బ్రేకరు లాగాను. ట్యాగు కట్టాను. ఎర్త్ పట్టీ వేసుకుని గూటి వైపు వంగబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మాస్టారూ, చేతులు."

రెండు చేతులూ చాపాను. తిప్పి చూసింది, గోళ్ల సందులు చూసింది, వాసన కూడా చూసింది. అయిదో క్లాసు పిల్లాడిలా నిలబడ్డాను. తర్వాత అద్దం తీసి నా చేతికే ఇచ్చింది.

"ముందు మీరు చూడండి. తర్వాత నేను చూత్తాను."

తల లోపలికి దూర్చాను. మెడ పట్టేసింది. పిన్నులు ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టాను, ఆమెకు వినబడేలా.